దిగేవాళ్లు చేతులెత్తండి

రాత్రి పదిన్నర. మాఘమాసపు ముహూర్తాల్లో చినతిరుపతి కొండ నిద్రపోదు. కింద ఒక మంటపంలో గట్టిమేళం మోగుతుంటే, పక్క మంటపంలో ఇంకా పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నారు. మైకులో ఎవరో "తెల్ల ఇన్నోవా తియ్యండి బాబూ" అని బతిమాలుతున్నారు. మా ఇంటి పెళ్లి నిన్న రాత్రి అయిపోయింది, పొద్దున సత్యనారాయణ వ్రతం కూడా ముగిసింది. ఇప్పుడు కాటేజీ వరండా నిండా చాపలు. చాపల మీద జనం, జనం ఒళ్లో పిల్లలు, పిల్లల చేతుల్లో సగం తిన్న లడ్డూలు.

మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో పెద్దమావయ్య. ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. మిగిలిపోయిన శుభలేఖని వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి గీతలు కొట్టుకున్నాడు.

"దిగేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

"ఎక్కడ దిగడానికి మావయ్యా?"

"ముందు ఎత్తండర్రా. ఎక్కడో తర్వాత చెప్తాను."

ముప్పై ఎనిమిది మందిలో నిద్రపోయిన పిల్లలు తప్ప అందరూ ఎత్తారు. ఎనభై దాటిన మామ్మ రెండు చేతులూ ఎత్తింది.

"సరే. ఇసకలో పావుగంట నడిచి, తర్వాత మెట్లెక్కి, మళ్లీ అదే దారిన దిగి రాగలిగినవాళ్లు మాత్రం ఉంచండి. మిగతావాళ్లు దించెయ్యండి."

ఒక్కొక్క చెయ్యే కిందికొచ్చింది. ముందు మోకాళ్ల ఆపరేషనైన బాబాయి, తర్వాత ఏడో నెల కోడలు, ఆ తర్వాత ఎవరూ చూడట్లేదనుకుని రాజమండ్రి పిన్ని. మామ్మ చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. మావయ్య వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

రేపు పాపికొండల లాంచీ. ఎల్లుండి కొల్లేరు. ఈ రెండూ తేలడానికి రెండు గంటల వాదన పట్టింది. "ఎక్కడికెళ్దాం" అని అడిగితే ఇంతమందిలో ఇన్ని ఊళ్లూ వస్తాయి. కుర్రాళ్లు గుంటుపల్లి అన్నారు. కామవరపుకోట దాటాక జీలకర్రగూడెం కొండల్లో క్రీస్తుపూర్వం నాటి బౌద్ధ గుహలు, రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం, కొండంతా స్తూపాలు. చూడదగ్గదే. కానీ చూడాలంటే మెట్లెక్కాలి, ఎక్కాక చుట్టూ తిరగాలి. శుభలేఖ మీద గుంటుపల్లికి అడ్డగీత పడింది. అత్తయ్యలు జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి అన్నారు. మద్దిచెట్టు మొదట్లో వెలసిన స్వామి, మెట్ల బాధ లేదు. దానికి గీత పడలేదు, పక్కన చుక్క పడింది. ఎందుకో తర్వాత తెలిసింది.

"ఇదంతా క్రూయిజ్‌లో లాగే ఉంది మావయ్యగారూ" అంది డల్లాస్ వదిన. రెండేళ్ల క్రితం వాళ్ల కాలనీ తెలుగువాళ్లంతా కలిసి అలాస్కా ఓడెక్కారు. జూనో, స్కాగ్వే, కెచికన్ అని రోజుకో రేవు. పొద్దున ఓడ ఆగుతుంది, సాయంత్రం ఫలానా టైముకల్లా మళ్లీ ఎక్కెయ్యాలి. ఈలోపు ఊళ్లో ఏం చూడాలన్నది మన ఇష్టం. ఓడ కంపెనీ అమ్మే టూరు కొనుక్కుంటే, ఆ బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. డబ్బులు కలిసొస్తాయని సొంతంగా టాక్సీ మాట్లాడుకుంటే ఆగదు. రేవులో నిలబడి ఓడకి చెయ్యి ఊపడమే. "స్కాగ్వేలో మా అమ్మానాన్నల్ని వైట్ పాస్ రైలెక్కించాం. బంగారం వేటకి జనం ఎగబడ్డ రోజుల్లో, 1898లో మొదలుపెట్టిన లైనది. కూర్చున్న చోటి నుంచే కొండలూ జలపాతాలూ. మేం నడక దారి పట్టాం. సాయంత్రం వాళ్లు చెప్పే కబుర్లు మావాటికంటే ఎక్కువున్నాయి."

మావయ్య కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "అదీ లెక్క. అంటే మా ఎక్స్‌ప్రెస్ బస్సు భోజనాల హోటలు దగ్గర ఆగినట్టన్నమాట. ఆ హోటల్లో తింటున్నవాణ్ణి డ్రైవరు వదిలిపోడు. రోడ్డవతల వేరే కొట్టుకెళ్లినవాడి పూచీ వాడిదే." ఇంకో గీత కొట్టాడు. "మనం లాంచీవాడు చూపించేవే చూస్తాం. సొంత వేషాలొద్దు."

ఇది చెప్తున్నప్పుడు ఆయన కళ్లు సాయంత్రం దర్శనాన్ని తలుచుకుంటున్నాయని నాకనిపించింది. కొత్త దంపతులతో అందరం గుంపుగా క్యూలో దూరాం. చినతిరుపతిలో స్వామి దక్షిణం వైపు చూస్తాడు. ఒకే శిఖరం కింద ఇద్దరు మూలమూర్తులు. ద్వారక మహర్షికి పుట్టలో దొరికిన స్వామికి నడుము పైభాగమే కనిపిస్తుంది. పాదసేవకి లోటు ఉండకూడదని రామానుజులవారు వెనక నిండు విగ్రహాన్ని ప్రతిష్ఠించారని స్థలపురాణం. అందుకే ఏడాదికి రెండు కల్యాణోత్సవాలు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. మూలవిరాట్టుకి అభిషేకం ఉండదు, నీటిబొట్టు పడితే కింద పుట్టలోని కొణుజులు (ఎర్రచీమలు) కదులుతాయంటారు. డల్లాస్ పిల్లలకి ఇదంతా చెప్పుకుంటూ బయటికొచ్చి చూస్తే మా గుంపు లేదు. లడ్డూ కౌంటరు దగ్గర కొందరు, కల్యాణకట్ట దగ్గర కొందరు, అన్నదానం వరసలో కొందరు. "పెద్ద తిరుపతి మొక్కు చినతిరుపతిలో తీరుతుందిగానీ ఇక్కడి మొక్కు అక్కడ తీరదు" అని ఎవరికో వివరిస్తూ చిన్నతాతగారు అసలు వేరే పెళ్లివారి గుంపులో కలిసిపోయి ఉన్నారు. ఆయన్ని వెతికి పట్టుకునేసరికి గుళ్లో దీపాలు పెట్టేశారు.

మావయ్యకి అదే పాఠమైనట్టుంది. ఇంతమందిని ఒక్క గుంపుగా నడిపించకూడదు. వాళ్లంతట వాళ్లు విడిపోకముందే మనమే విడగొట్టాలి.

పెళ్లి అలంకరణలో మిగిలిన రిబ్బన్లు తెప్పించాడు. ఎరుపు జట్టు మెట్లెక్కుతుంది. పసుపు జట్టు ఇసక దాకా వస్తుంది, పైకెక్కదు. ఆకుపచ్చ జట్టు లాంచీ దిగదు. జట్టుకో పెద్ద. తన జట్టుని తనే లెక్కపెట్టుకోవాలి, పక్కవాడి జట్టు జోలికి పోకూడదు. ఆ పెద్దల్ని ఎంచుకోవడంలోనే మావయ్య అనుభవం కనిపించింది. గట్టిగా మాట్లాడేవాళ్లని వదిలేసి, ఎప్పుడూ చెప్పుల జతలు సరిచూసుకునే రకాన్ని పట్టుకున్నాడు. పసుపు జట్టుకి భీమడోలు అత్తయ్య. ఆవిడ పెళ్లిలో అరటిగెలకి ఎన్ని హస్తాలున్నాయో కూడా చెప్పగలదు.

"మరి అసలు లాంచీకే రానివాళ్లు?" అని అడిగింది ఏడో నెల కోడలు, చిన్నబుచ్చుకుని.

"నీకోసమే కదమ్మా ఆ చుక్క" అన్నాడు మావయ్య. తొమ్మిది మందికి రేపు పొద్దున తొమ్మిదింటికి కారూ, ఆటో. మద్ది ఆంజనేయస్వామి దర్శనం, తిరిగొచ్చి కొండ మీదే భోజనం, సాయంత్రం గోశాల. డ్రైవరు పేరూ, ఫోను నంబరూ, పిల్లకి పాలు ఎన్నింటికో కూడా రాసి ఉంది. ఇలాంటి ప్రయాణాల్లో సగం అలకలు ఇక్కడే పుడతాయి. వెళ్లేవాళ్లకి కాగితం నిండా ప్లానూ, ఉండిపోయేవాళ్లకి "మీరు రెస్టు తీసుకోండి" అన్న ముక్కా. రెస్టు తీసుకోమనడం కంటే అవమానం ఉందా?

మామ్మ మాత్రం రెస్టు జట్టులోనూ లేదు, పచ్చ రిబ్బనూ కట్టించుకోలేదు. "అందాల రాముడు సినిమా వచ్చినప్పట్నుంచీ చూద్దామంటున్నాను" అంది. 1973 నాటి మాట అది. బాపు, రమణలు ఒక లాంచీ నిండా జనాన్ని ఎక్కించి రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా తీసుకెళ్లారు, అప్పట్నుంచీ గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఆ ప్రయాణం బాకీ ఉంది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' తీసి ఆ బాకీని తర్వాతి తరానికి రాసిచ్చాడు. ఇప్పుడు రాజమండ్రి రేవులో ఎక్కి భద్రాచలంలో దిగే యాత్ర లేదని మామ్మకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆఖరి పని ఆధార్ జిరాక్సులు. లాంచీ ఎక్కే ప్రతి మనిషి పేరూ ముందే రాసివ్వాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ, పిల్లల కార్డులు డల్లాస్‌లో ఉన్నాయి కాబట్టి పాస్‌పోర్టుల గొడవ, చిన్నతాతగారి కార్డులో పుట్టిన సంవత్సరం ఆయన తమ్ముడి కంటే తర్వాత పడిన గొడవ. పన్నెండింటికి వరండా దీపం ఆర్పేశారు.

*

మూడింటికే బకెట్ల చప్పుడు. రెండు గీజర్లు, ఇరవై తొమ్మిది స్నానాలు. నాలుగున్నరకి బస్సు కదిలింది, మావయ్య రాసుకున్న దానికంటే పావుగంట ఆలస్యం. ఆ పావుగంట ఆయన ముందే కలిపి పెట్టుకున్నాడని తర్వాత చెప్పాడు.

నల్లజర్ల, దేవరపల్లి. కిటికీల బయట పామాయిల్ తోటలు చీకటి కంటే నల్లగా ఉన్నాయి. కొవ్వూరు దాకా ఎవరూ మాట్లాడలేదు. వంతెనెక్కాక మాత్రం డ్రైవరు దీపాలన్నీ వేసి "గోదారండీ" అన్నాడు. లేచినవాళ్లు లేచారు, రూపాయి బిళ్లల కోసం చేతులు సంచుల్లోకి వెళ్లాయి. మంచులో నీళ్లు కనిపించలేదుగానీ బిళ్లలు పడ్డాయి.

రాజమండ్రి దాటి గోదావరి ఎడమ గట్టు పట్టుకుని పైకి పోతుంటే తెల్లారింది. ఒకప్పుడు పట్టిసీమ దగ్గరా, పోలవరం దగ్గరా లాంచీ ఎక్కేవాళ్లు. పోలవరం ప్రాజెక్టు నదికి అడ్డంగా లేవడంతో రేవు డ్యాంకి పైకి జరిగి గండిపోచమ్మ దగ్గరకొచ్చింది. ఇప్పుడు గండిపోచమ్మ గుడే ఈ యాత్రకి మొదటి మెట్టు. వరద వస్తే అమ్మవారి గుడి నీళ్లలో ఉంటుంది, వరద తీస్తే మళ్లీ పసుపూ కుంకుమా పడతాయి. లాంచీ ఎక్కేముందు అమ్మవారికి దణ్ణం పెట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీ. మా కాగితంలో దానికి ఇరవై నిమిషాలు రాసుంది, పసుపు జట్టు కూడా దిగవచ్చు.

రేవులో నవ్వులాట కాసేపు ఆగుతుంది. కంట్రోల్ రూము బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు జాబితా అందుకుని ఒక్కొక్క పేరూ పిలుస్తారు, మొహం చూస్తారు, టిక్కు పెడతారు. లైఫ్ జాకెట్లు పంచుతారు. "ఈ ఎండలో ఇదెందుకండీ" అని రాజమండ్రి పిన్ని సణిగింది. అవతల జాకెట్టు బెల్టు బిగిస్తున్న కుర్రాడు తలెత్తకుండానే "కచ్చులూరు మర్చిపోయారామ్మా" అన్నాడు.

ఎవరూ మర్చిపోలేదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. వరద ఉధృతంగా ఉన్న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే లాంచీ మునిగింది. అందులోనూ ఇలాగే కుటుంబాలకు కుటుంబాలు బయల్దేరాయి. లోతులో కూరుకుపోయిన ఆ లాంచీని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనప తాళ్లూ వేసి, చివరికి అక్టోబరు 22న ఒడ్డుకి లాగింది. రెండేళ్లకి పైగా పాపికొండల యాత్ర ఆగిపోయి, 2021 నవంబరులో మళ్లీ మొదలైంది. ఈ కంట్రోల్ రూములూ, జాబితాలూ, జాకెట్లూ ఆ తర్వాత బిగించినవి. పిన్ని ఇంకేం అనలేదు. పక్కనున్న డల్లాస్ పిల్లాడి జాకెట్టు బకిల్ తనే నొక్కి చూసింది.

ఇక్కడ నా మాట ఒకటి. కుటుంబ యాత్రలో ఒకడు లెక్కల మనిషైతే అందరూ వాణ్ణి వెక్కిరిస్తారు. ఇలాంటి బల్ల ముందు నిలబడినప్పుడే ఆ వెక్కిరింతలు ఆగుతాయి. పెద్దమావయ్య మా జాబితా మూడు ప్రతులు తెచ్చాడు. ఒకటి బల్ల దగ్గర, ఒకటి లాంచీ సరంగు దగ్గర, ఒకటి జేబులో. వాటిలో రంగుల జట్లు కూడా రాసి ఉన్నాయి. బల్ల దగ్గరున్నాయన దాన్ని రెండు సార్లు చదివి, "మీరు ఏ డిపార్టుమెంటండీ" అని అడిగాడు.

*

లాంచీ కదలగానే ఇడ్లీ, ఉప్మా. కింద అంతస్తులో కుర్చీలు, పైన డెక్కు, డెక్కు మీద స్పీకర్లు. మైకు పట్టుకున్న కుర్రాడు హుషారైన పాటలతో మొదలుపెట్టి, పెళ్లివారు ఉన్నారని తెలిశాక కొత్త దంపతుల్ని లేపి స్టెప్పులేయించాడు. పెళ్లికూతురు పారాణి ఇంకా ఆరలేదు. ఆకుపచ్చ జట్టు నీడపట్టున కిటికీల దగ్గర స్థిరపడింది. మోకాళ్ల బాబాయి పేకముక్కలు బయటికి తీశాడు.

రెండు వైపులా గట్టున ఖాళీ చేసిన ఊళ్లు. దేవీపట్నం వైపు ఇళ్లకి పైకప్పుల్లేవు, గోడల మీద వరద ఎంతవరకు వచ్చిందో మట్టి గీత. రిజర్వాయరు నిండితే ఇవన్నీ నీళ్లలోకి పోతాయి, జనం ముందే పునరావాస కాలనీలకి వెళ్లిపోయారు. పాట మధ్యలో మైకు కుర్రాడే ఒక ఊరు చూపించి "అది మాదండీ" అన్నాడు. మళ్లీ పాట అందుకున్నాడు.

కొండలు దగ్గరికొస్తున్నాయి. ఇప్పటిదాకా అవతలి ఒడ్డున ఏముందో కళ్లు చిట్లించి చూడాల్సిన నది, క్రమంగా రెండు కొండల మధ్య ఇరుకైపోయింది. ఇక్కడే పాపికొండలు. చుట్టూ అడవి 2008 నుంచి జాతీయ పార్కు. నీళ్ల రంగు మారింది. పొద్దున మంచులో బూడిదరంగు, ఇప్పుడు చిక్కటి ఆకుపచ్చ. ఇరుకున పడే కొద్దీ గోదారి లోతు దిగుతుందని సరంగు చెప్పాడు. స్పీకర్లు ఆపమని ఎవరూ అనలేదుగానీ ఆ మలుపులో పాట అయ్యాక కుర్రాడు కొత్తది పెట్టలేదు. జనమంతా రెయిలింగు దగ్గరికి ఒకే వైపు చేరుతుంటే మాత్రం గట్టిగా అరిచాడు: "ఒక పక్కకి రాకండి! సగం మంది ఇటు రండి!"

మామ్మ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. "సినిమాలో ఇంకా పెద్దగా ఉన్నాయి" అంది. అయినా చూస్తూనే ఉంది.

*

పేరంటాలపల్లి. మైకులో: "ముప్పావు గంట! హారన్ కొట్టిన పది నిమిషాలకి లాంచీ కదుల్తుంది!"

ఈ ఊరి సంగతి తమాషాగా ఉంటుంది. 2014 దాకా ఖమ్మం జిల్లా. పోలవరం కోసం వేలేరుపాడు మండలాన్ని ఆంధ్రలో కలిపినప్పుడు పశ్చిమ గోదావరి. 2022లో కొత్త జిల్లాలొచ్చాక ఏలూరు జిల్లా. తెల్లవారుజామున మేం బయల్దేరిన చినతిరుపతిదీ, అంటే ద్వారకా తిరుమలదీ, ఇదే జిల్లా. రెండు గంటల పైన బస్సులో, అంతకంటే ఎక్కువసేపు లాంచీలో వచ్చి, మధ్యలో వేరే జిల్లాలు దాటి, మళ్లీ సొంత జిల్లాలోనే దిగుతున్నామన్నమాట.

చెక్కబల్ల వేశారు. ఎరుపు జట్టు ముందు దిగింది. కాళ్ల కింద ఇసక వెచ్చగా, లోపలికి కూరుకుపోతూ. ఇసక దాటితే చెట్ల నీడ, ఆ నీడలో రాళ్ల దారి, పక్కన కొండ మీంచి దిగే సన్నటి నీటి పాయ. మెట్ల పైన రామకృష్ణ మునివాటం. గోదావరి దారిన ఇక్కడికొచ్చిన బాలానందస్వామి కొండరెడ్ల మధ్య స్థిరపడి కట్టుకున్న ఆశ్రమం, శివాలయం. లోపల మాట్లాడకూడదు. పెళ్లిలో నిన్నటి నుంచీ ఆగకుండా అరుస్తున్న మా పిల్లలు ఆ గడపలో నోళ్లు మూసుకోవడం నేను కళ్లారా చూశాను. అరుగు మీద కూర్చుంటే పాయ చప్పుడు, ఆకుల చప్పుడు, అంతే. ముప్పావు గంటలో ఇక్కడ పదిహేను నిమిషాలు కూడా దక్కవు. టూరుల అన్యాయం ఇదే. మంచి చోట తక్కువసేపు, భోజనాల దగ్గర ఎక్కువసేపు.

దిగేటప్పుడు దారికి రెండు వైపులా కొండరెడ్ల ఆడవాళ్లు వెదురు సామాను పరిచి కూర్చున్నారు. బుట్టలు, పూలసజ్జలు, చిన్న పడవలు, దీపపు బుడ్లు. బేరం ఆడబోయిన బావని డల్లాస్ వదిన చెయ్యి పట్టి ఆపింది. అలాస్కాలో ఇంతకంటే చిన్న బొమ్మకి ఎంత పోసిందో ఆవిడకి గుర్తుంది.

కిందికి చూస్తే ఇసక మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో మామ్మ.

ఎలా దింపారో తర్వాత తెలిసింది. లాంచీలో కుర్చీనే నలుగురు కుర్రాళ్లు మామ్మతో సహా ఎత్తి చెక్కబల్ల మీంచి దించారు. సరంగు వద్దనలేదు, వెనక పట్టుకున్నాడు కూడా. ఇసకలో కుర్చీ కాళ్లు దిగబడకుండా కింద వెదురు చాప పరిచారు. మెట్లెక్కలేదు, ఆశ్రమం చూడలేదు. కానీ గోదారి గట్టున కూర్చుని, దిగేవాళ్లందరి దగ్గరా ఏమేం కొన్నారో ధరలు అడిగి తెలుసుకుంటోంది. మావయ్య కాగితంలో ఈ ఏర్పాటు లేదు. కాగితం తీసి పసుపు జట్టులో ఒక పేరు కలిపాడు.

హారన్. అందరూ బల్ల వైపు. జట్టు పెద్దలు తలలు లెక్కపెట్టి పైకి చెప్తున్నారు. పసుపు సరి. పచ్చ సరి. ఎరుపు ఒకటి తక్కువ.

ఎరుపు జట్టు పెద్ద మెట్ల వైపు పరుగెత్తాడు. పెళ్లికూతురి తరఫు బాబాయిగారు లేరు. నిన్నగాక మొన్న కొత్తగా చుట్టమైన మనిషి, ఆయన్ని "ఒరేయ్" అని పిలవడానికి కూడా లేదు. రెండో హారన్ పడింది. లాంచీలో ఇతర ప్రయాణికులు వాచీలు చూసుకుంటున్నారు. మావయ్య మొహం ఎర్రబడింది. ఆశ్రమంలో మాట్లాడకూడదు కాబట్టి మైకులో పిలిచినా ఫలితం లేదు. ఇద్దరు కుర్రాళ్లు పైదాకా వెళ్లి ఖాళీ చేతుల్తో రొప్పుతూ వచ్చారు.

"ఎవరికోసమండీ?" అని పైడెక్కు మీంచి వినిపించింది.

బాబాయిగారే. మొహానికి తువ్వాలు కప్పుకుని బెంచీ మీద పడుకుని ఉన్నారు. దిగుదామనుకున్నారట, ఎండ చూసి మానేశారట. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని ఆయనకి తట్టలేదు, దిగేవాడు చెప్పాలిగానీ దిగనివాడు ఏం చెప్తాడు?

ఇదే అసలు కీలకం. వెళ్లిన మనిషి రాకపోవడం కంటే, వెళ్లాడనుకున్న మనిషి వెళ్లకపోవడమే లెక్కని ఎక్కువ తారుమారు చేస్తుంది. మావయ్య కొత్త వియ్యాలవారిని ఏమీ అనలేక, నవ్వి, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఒక వాక్యం రాసుకున్నాడు: మనసు మార్చుకున్నా చెప్పాలి. ఆ తర్వాతి రోజు బస్సెక్కేముందు దాన్ని అందరికీ చదివి వినిపించాడు, ఎవరి పేరూ చెప్పకుండా. బాబాయిగారే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో భోజనం, పకోడీ, టీ. కొండల మధ్య ఉన్నంతసేపూ ఫోన్లకి సిగ్నల్ లేదు. గండిపోచమ్మ దగ్గరికొస్తుండగా అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. ఏడో నెల కోడలు మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర్నుంచి పంపిన ఫోటోలు. ఆవిడ మొహంలో అలక లేదు. చీకటి పడకముందే రేవు చేరాం. జాకెట్లు విప్పి కుప్పగా పోశాం, మళ్లీ టిక్కులు పెట్టించుకున్నాం.

*

మర్నాడు కొల్లేరుకి ముప్పై ఎనిమిది మందీ. ఎందుకంటే కొల్లేరు పళ్లెంలా చదును. ఎక్కడా మెట్టు లేదు.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు పట్టాక ఊళ్ల మధ్య నేల తగ్గిపోతుంది, నీళ్లు పెరుగుతాయి. రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిమొక్కలు, మేత బస్తాల లారీలు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఇక్కడ చేరి ఉప్పుటేరు దారిన సముద్రంలోకి పోవాలి. 1999లో ఐదో కాంటూరు లోపల అభయారణ్యమని ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చెరువుల గట్లు పేల్చి కొట్టించారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. ఈ పేచీ గురించి బస్సులో మా చుట్టాలే రెండు పక్షాలయ్యారు. చెరువులున్న పెదనాన్న ఒక వైపు, టీచరుగా చేసిన పిన్ని ఇంకోవైపు. మావయ్య ఎవర్నీ ఆపలేదు. పెదయడ్లగాడి వంతెన మీద నీళ్లు కనిపించగానే వాళ్లే ఆగారు.

ఇవాళ సమస్య నిన్నటికి తిరగేసి ఉంది. నిన్న ఒక పెద్ద పడవ, దిగడం కష్టం. ఆటపాకలో పడవలు చిన్నవి, ఒక్కో విడతకి కొందరే పడతారు. మిగిలినవాళ్లు వంతు కోసం గట్టున ఉండాలి. కాబట్టి కాగితంలో గట్టు మీది ఏర్పాటు మొదట రాసుంది. చెట్టు నీడ, చాపలు, మజ్జిగ డబ్బా, పులిహోర. పడవ వంతులు తర్వాత రాశాడు.

గూడబాతులు ఇనప స్టాండ్ల మీదా, చెట్ల మీదా గూళ్లు కట్టుకుని ఉన్నాయి. చెట్టు కొమ్మ ఒక్కటి కూడా ఖాళీ లేదు. పడవలో దగ్గరికెళ్తే వాసన ముందొస్తుంది, తర్వాత చప్పుడు. పిల్లలు తల్లి పక్షి గొంతులోకి తలంతా దూర్చి మేత తీసుకుంటున్నాయి. చూసి డల్లాస్ పిల్లాడు కెవ్వున అరిచాడు, పడవవాడు పెదాల మీద వేలు పెట్టాడు. పడవలో పది నిమిషాలు తిరిగొచ్చినవాళ్లకి గుంపు కనిపించింది. గట్టున బైనాక్యులర్ పట్టుకుని రెండు గంటలు కూర్చున్న ఏడో నెల కోడలికి మాత్రం ఒక్కొక్క గూడూ విడిగా తెలిసింది. ఏ గూట్లో ఎన్ని పిల్లలో పడవ దిగినవాళ్లకి ఆవిడే చెప్పింది.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ దగ్గరికి వెళ్దామని అత్తయ్యలు పట్టుబట్టారు. కాగితంలో అది ఉంది. మూడవుతోంది, హైదరాబాదు రైలు వాళ్లున్నారు. మావయ్య పెన్ను తీశాడు. "వచ్చే ఫాల్గుణంలో జాతర. మొక్కుకున్నవాళ్లు జాతరకే వెళ్లాలి, ఇలా దారిలో పోతూ దణ్ణం పెట్టేసి వస్తే అమ్మవారికి కోపం." గీత కొట్టేశాడు. అది శాస్త్రమో, టైమ్ టేబులో నాకు తెలియదు. కొండ దిగేదాకా ఊసెత్తకూడదన్న కొల్లేటి చేపల పులుసు మాత్రం కైకలూరులో ఒక చిన్న హోటల్లో గీత పడకుండా మిగిలింది.

ఏలూరు స్టేషను. ప్లాట్‌ఫారం బెంచీ మీద మావయ్య లెక్క చెప్తున్నాడు. బయల్దేరేముందే తలకింత అని వసూలు చేశాడు, పిల్లలకి సగం. దారిలో ఎవరూ జేబులో చెయ్యి పెట్టకూడదన్నాడు, టీలు కూడా ఒకే సంచీలోంచి. "నేనిస్తాను", "కాదు నేనే" అన్న కుస్తీ లేకపోవడంతో ఆగిన ప్రతి చోటా పది నిమిషాలు మిగిలాయి. ఇప్పుడు తలకి నూటపాతిక తిరిగొస్తోంది. ఎవరూ తీసుకోవట్లేదు.

"దాచండి మావయ్యగారూ. వైజాగులో ఓడెక్కుదాం" అంది డల్లాస్ వదిన. 2023లో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ కట్టేశారు. అంతకు ముందే 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకి యాత్రలు మొదలుపెట్టింది.

"ఆ పుదుచ్చేరిలో అప్పుడు దిగనివ్వలేదు. పేపర్లో చదివాను. అక్కడి ప్రభుత్వం అనుమతివ్వలేదు."

"దిగనివ్వకపోతే ఓడలోనే ఉంటాం. ఏమవుతుంది?"

"ముప్పై ఎనిమిది మంది, రోజంతా, దిగకుండా" అన్నాడు మావయ్య, ఆ మాటల్ని తూకం వేస్తున్నట్టు. "అప్పుడు ఆ రోజుకే పెద్ద ప్లాను కావాలి."

రైలు వస్తున్నట్టు మైకులో చెప్పారు. సామాన్లు లేచాయి. మామ్మ వెదురు బుట్టని ఒళ్లో సర్దుకుని, ఓడలో ఎన్ని రోజులుంటుందో, టిఫిన్లేమిటో అడుగుతోంది. మావయ్య మిగిలిన డబ్బులు కవరులో పెట్టి, పైన తారీఖు రాసి, కాగితాల బొత్తిని చంకన పెట్టుకున్నాడు.

"ఆధార్ జిరాక్సులు ఎవరికీ తిరిగివ్వట్లేదు" అన్నాడు.